ఆహార ఎమల్షన్లు – పోషకాల స్థిరత్వం, శోషణ: ‘ఎ’ విటమిన్ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఎ, డి, ఇ, కె విటమిన్లు, కెరోటినాయిడ్లు కొవ్వులో కరుగుతాయి, నీటిలో కరగవు. జీర్ణమార్గం మాత్రం ప్రధానంగా నీటితో నిండినది. ఈ వైరుధ్యాన్ని ప్రకృతి పాలలోనూ, పిత్తరసంలోనూ ఎమల్షన్ ద్వారా పరిష్కరించింది. ఆహార శాస్త్రం ఆ మార్గాన్నే అనుసరిస్తోంది. ఎమల్షన్ నిర్మాణం, దాని స్థిరత్వం, జీర్ణమార్గంలో దాని పరిణామం, పోషకానికి అది కల్పించే రక్షణ, ఆ రక్షణకున్న పరిమితులు – వీటిని ‘ఎ’ విటమిన్ ప్రధానోదాహరణగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఎమల్షన్, ఎ విటమిన్, బీటా కెరోటిన్, పిత్తరసం, మిసెల్, టోన్డ్ పాలు, ఆహార బలవర్ధకం.

1. ప్రవేశిక

ఆవునెయ్యి పసుపుపచ్చగా, గేదెనెయ్యి తెల్లగా ఉండటం తెలుగువారికి నిత్యానుభవమే. ఆవు తాను మేసిన పచ్చిగడ్డిలోని బీటా కెరోటిన్‌లో కొంతభాగాన్ని అదే రూపంలో పాలలోకి విడుస్తుంది. గేదె దాన్ని దాదాపు పూర్తిగా ‘ఎ’ విటమిన్‌గా మార్చుకొని విడుస్తుంది. ఒకటి రంగున్న రూపం, మరొకటి రంగులేని రూపం. రెండూ ఉండేది పాలలోని కొవ్వుబిందువులోనే. వెన్న తీస్తే వెన్నతో పోతాయి, నెయ్యి కాస్తే నేతిలో మిగులుతాయి. నీరు విడిపోయిన మజ్జిగలో వీటి జాడ స్వల్పం.

ఈ చిన్న విషయం వెనుక ఒక పెద్ద ప్రజారోగ్య సమస్య ఉంది. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం భారతదేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 18 శాతం మందికి, ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 22 శాతం మందికి, కౌమారదశలోని వారిలో 16 శాతం మందికి ‘ఎ’ విటమిన్ లోపం ఉంది. మునగాకు, తోటకూర, కరివేపాకు, బొప్పాయి, గుమ్మడి విరివిగా దొరికే దేశంలో ఈ లోపం ఎందుకుండాలన్న ప్రశ్న సహజం. తినకపోవడం ఒక కారణం. తిన్నది ఒంటికి పట్టకపోవడం మరొక కారణం. ఈ రెండో కారణమే ఈ వ్యాసానికి విషయం.

‘ఒంటికి పట్టడం’ అనే తెలుగు పలుకుబడి శాస్త్రవేత్తలు చాలాకాలం తరువాత కొలతకు తెచ్చిన విషయాన్నే సూచిస్తుంది. ఆహారంలో ఎంత పోషకం ఉందన్నది ఒక లెక్క, అందులో ఎంత రక్తంలోకి చేరుతుందన్నది వేరొక లెక్క. అమెరికాకు చెందిన వైద్య సంస్థ 2001లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, ఒక మైక్రోగ్రాము రెటినాల్‌కు సమానమైన ఫలితం పొందడానికి నూనెలో కరిగించిన బీటా కెరోటిన్ 2 మైక్రోగ్రాములు చాలు. అదే బీటా కెరోటిన్ కూరగాయల్లో, ఆకుకూరల్లో ఉన్న రూపంలో అయితే 12 మైక్రోగ్రాములు కావాలి. పదార్థం ఒక్కటే. అది ఏ రూపంలో నోట్లోకి వెళ్లిందన్నదాన్ని బట్టి ఆరురెట్ల తేడా వస్తోంది.

2. ఎమల్షన్: మాట, అర్థం

పరస్పరం కలవని రెండు ద్రవాల్లో ఒకటి మరొకదానిలో సూక్ష్మబిందువులుగా చెదిరి ఉన్న వ్యవస్థను ఎమల్షన్ అంటారు. నీటిలో నూనెబిందువులుంటే అది ‘నీటిలో నూనె’ ఎమల్షన్: పాలు, మీగడ, కొబ్బరిపాలు, మయొనైజ్ ఈ తరగతిలోనివి. నూనెలో నీటిబిందువులుంటే ‘నూనెలో నీరు’ ఎమల్షన్. వెన్న దీనికి ఉదాహరణ.

ఈ ఆంగ్లపదానికి మూలం ‘పాలు పితుకు’ అనే అర్థంగల లాటిన్ ధాతువు. అంటే పాశ్చాత్యులు కూడా ఈ వ్యవస్థను మొదట పాల పోలికతోనే గుర్తించారు. హిందీ పరిభాషాకర్తలు ఆ దారినే నడిచి ‘పాయస’ అనే మాటను పారిభాషికంగా స్థిరపరిచారు. అది సంస్కృత ‘పయస్సు’ నుంచి వచ్చినదే కనుక వ్యుత్పత్తి చక్కగా కుదిరింది. తెలుగులో మాత్రం ఆ వెసులుబాటు లేదు. ‘పాయసం’ అనగానే తెలుగు పాఠకునికి సేమ్యా, సగ్గుబియ్యం, బెల్లం గుర్తుకు వస్తాయి తప్ప నూనెబిందువులు గుర్తుకు రావు. వాడుకలో స్థిరపడిన అర్థాన్ని పరిభాష కోసం తొలగించడం సాధ్యం కాదు. అందుచేత తెలుగు పాఠ్యపుస్తకాల్లో వాడుకైన ‘ఎమల్షన్’, ‘ఎమల్సీకరణం’ అనే రూపాలనే ఇక్కడ స్వీకరించడమైనది. పిత్తరసం కొవ్వులను ఎమల్సీకరణం చేస్తుందన్న వాక్యాన్ని ఉన్నత పాఠశాలలో చదవని విద్యార్థి ఉండడు. ఆ వాక్యంలోని అర్థం మాత్రం చాలామందికి పరీక్షతోనే ముగిసిపోతుంది.

3. నిలకడ, విరుగుడు

నూనెను నీటిలో వేసి ఎంత గిలకొట్టినా కొద్దిసేపటికి పైకి తేలుతుంది. రెండింటి మధ్యనున్న హద్దును, అంటే అంతరతలాన్ని, వీలైనంత తగ్గించుకోవడమే ప్రకృతి సహజమైన పోకడ. దీనిని అడ్డుకోవడానికి ఒక మధ్యవర్తి కావాలి. ఒక కొస నీటిని, మరొక కొస నూనెను ఇష్టపడే అణువులు బిందువు చుట్టూ పొరగా ఏర్పడి, బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కాపాడతాయి. వీటిని ఎమల్సీకరణ కారకాలంటారు. గుడ్డుసొనలోని లెసిథిన్, పాలలోని కేసీన్, తేటలోని ప్రోటీన్లు, తుమ్మజాతి చెట్ల జిగురు, కృత్రిమంగా తయారయ్యే పాలిసార్బేట్లు ఇందులోకి వస్తాయి.

ఎమల్షన్ చెడిపోవడం అనేక విధాలుగా జరుగుతుంది. బిందువులు పైకి తేలి మీగడగా పేరుకోవచ్చు, గుంపులు కట్టవచ్చు, గుంపులోని బిందువులు కలిసి పెద్దవి కావచ్చు. మొదటిదానికి స్టోక్స్ సూత్రం వర్తిస్తుంది. బిందువు పైకి తేలే వేగం దాని వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసం సగమైతే వేగం నాలుగోవంతుకు తగ్గుతుందన్నమాట. అప్పుడే పితికిన ఆవుపాలలో కొవ్వుబిందువు సగటు వ్యాసం సుమారు 3 నుంచి 4 మైక్రోమీటర్లు. గేదెపాలలో అంతకంటే పెద్దది. ఫ్రాన్స్‌కు చెందిన ఆగస్ట్ గోలిన్ 1899లో పేటెంటు పొందిన హోమోజినైజర్ యంత్రం, పాలను అధికపీడనంతో సన్నని సందుగుండా పంపి ఆ బిందువులను ఒక మైక్రోమీటరు కంటే తక్కువకు చితగ్గొడుతుంది. ప్యాకెట్ పాలు చాలావాటిపై పచ్చిగా ఉన్నప్పుడు మీగడ తేరకపోవడానికి కారణమిదే. అది పాలలో కల్తీ జరిగిందనడానికి గుర్తు కాదు.

కవ్వం చేసే పని దీనికి పూర్తిగా విరుద్ధమైనది. చిలకడంలో బిందువుల చుట్టూ ఉన్న సహజమైన పొర చిరుగుతుంది, కొవ్వు కొవ్వుతో అతుక్కుంటుంది. చివరకు నీటిలో నూనెగా ఉన్న వ్యవస్థ నూనెలో నీరుగా తిరగబడుతుంది. దీనినే దశావిలోమం అంటారు. చిలికేటప్పుడు వేసవిలో చన్నీళ్లు, చలికాలంలో వేడినీళ్లు పోయడం తెలుగు ఇళ్లలో తరతరాల ఆచారం. బిందువులోని కొవ్వు కొంత గడ్డకట్టి, కొంత ద్రవంగా ఉన్నప్పుడే అతుకుతుంది. పూర్తిగా కరిగితే జారిపోతుంది, పూర్తిగా గట్టిపడితే అంటదు. ఆ మధ్యస్థితిని చేతితోనే తూచగలిగిన అనుభవం ఆ ఆచారంలో ఉంది.

4. జీర్ణమార్గంలో నూనెబిందువు

భోజనంలోని కొవ్వు నోటిలో, జీర్ణాశయంలో కొంత చెదురుతుంది. జీర్ణాశయంలోని లైపేజ్ కొద్దిభాగాన్ని విడగొడుతుంది. అసలు పని ఆంత్రమూలంలో మొదలవుతుంది. అక్కడికి కాలేయం నుంచి పిత్తలవణాలు, క్లోమం నుంచి లైపేజ్, దాని సహాయకమైన కోలైపేజ్ చేరతాయి. లైపేజ్ నీటిలో కరిగే ఎంజైమ్. నూనెలోపలికి అది ప్రవేశించలేదు, బిందువు ఉపరితలం మీద కూర్చొని మాత్రమే పనిచేయగలదు. కనుక ఉపరితలం ఎంత విశాలమైతే జీర్ణక్రియ అంత వేగవంతమవుతుంది.

దీన్ని లెక్కలో చూడవచ్చు. ఒక మిల్లీలీటరు నూనె ఒకే గుండ్రని చుక్కగా ఉంటే దాని ఉపరితలం సుమారు 4.8 చదరపు సెంటీమీటర్లు, తపాలాబిళ్లంత. దానినే 10 మైక్రోమీటర్ల వ్యాసంగల బిందువులుగా చేస్తే 0.6 చదరపు మీటర్లు. 0.2 మైక్రోమీటర్లకు తగ్గిస్తే 30 చదరపు మీటర్లు, అంటే రెండు మూడు గదుల నేలంత. నూనె పరిమాణం ఏమాత్రం పెరగలేదు.

లైపేజ్ విడగొట్టిన కొవ్వు ఆమ్లాలు, మోనోగ్లిజరైడ్లు పిత్తలవణాలతోనూ ఫాస్ఫోలిపిడ్లతోనూ కలిసి కొన్ని నానోమీటర్ల పరిమాణంగల మిశ్రమ మిసెల్‌లుగా ఏర్పడతాయి. కొవ్వులో కరిగే విటమిన్లకు, కెరోటినాయిడ్లకు ఇవే వాహనాలు. చిన్నపేగు గోడను తడిపే నీటిపొరను దాటి, కణాల దాకా వాటిని చేర్చగలిగేవి ఇవే. కణంలోపలికి వెళ్లాక పోషకం కైలోమైక్రాన్లనే మరొక రకపు బిందువుల్లో చేరి, శోషరసం ద్వారా రక్తంలో కలుస్తుంది. కైలోమైక్రాన్ కూడా నీటిలో చెదిరిన కొవ్వుబిందువే. అంటే పోషకం ఒక ఎమల్షన్‌లో బయలుదేరి, విడిపోయి, మళ్లీ శరీరం తయారుచేసుకున్న మరో ఎమల్షన్‌లో ప్రయాణం కొనసాగిస్తుంది.

ఈ వాహనాలు కొవ్వు తింటేనే తయారవుతాయి. 2004లో అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు పాలకూర, లెట్యూస్, టమాటా, క్యారెట్‌లతో చేసిన సలాడ్‌ను కొద్దిమందికి మూడు విధాలుగా పెట్టి చూశారు: నూనె లేకుండా, 6 గ్రాముల నూనెతో, 28 గ్రాముల నూనెతో. నూనె లేనప్పుడు రక్తంలోని కైలోమైక్రాన్లలో కెరోటినాయిడ్లు దాదాపు కనిపించలేదు. నూనె పెరిగేకొద్దీ శోషణ పెరిగింది.

కొవ్వు ఉంటే చాలదు, అది ఏ కొవ్వన్నదీ ముఖ్యమే. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో (ఆమ్హెర్స్ట్) డేవిడ్ జూలియన్ మెక్‌క్లెమెంట్స్ బృందం ప్రయోగశాలలో కృత్రిమ జీర్ణవ్యవస్థను అమర్చి బీటా కెరోటిన్ ఎమల్షన్లను పరీక్షించింది. 2012లో వెలువడిన ఫలితాల్లో, దీర్ఘశృంఖల కొవ్వుతో చేసిన ఎమల్షన్‌లో సుమారు 66 శాతం కెరోటిన్ మిసెల్‌లలోకి చేరగా, మధ్యశృంఖల కొవ్వుతో చేసినదానిలో సుమారు 2 శాతమే చేరింది. మధ్యశృంఖల కొవ్వు వేగంగానే జీర్ణమైంది. కానీ దానినుంచి ఏర్పడిన మిసెల్‌లు పొడవైన కెరోటిన్ అణువుకు చోటివ్వలేనంత చిన్నవి. 2013లో స్పెయిన్ పరిశోధకులతో కలిసి ఇదే బృందం బిందు పరిమాణాన్ని పరిశీలించింది. వ్యాసం 23 మైక్రోమీటర్లున్నప్పుడు సుమారు 34 శాతం, 0.4 మైక్రోమీటర్లకు 43 శాతం, 0.2 మైక్రోమీటర్లకు 59 శాతం కెరోటిన్ శోషణకు అందుబాటులోకి వచ్చింది. ఇవి గాజుపాత్రల్లో వచ్చిన సంఖ్యలు. మనిషి పేగులో ఆ నిష్పత్తులు యథాతథంగా ఉంటాయని చెప్పడానికి వీల్లేదు. ఇటువంటి అంకెలను ఆహారపు ప్యాకెట్లపై శరీరంలో కలిగే ప్రయోజనంగా ప్రకటించడం శాస్త్రాన్ని మించి మాట్లాడటమే అవుతుంది.

5. వంటింటి ఎమల్షన్లు

ఆకుకూరలోని కెరోటిన్ హరితరేణువుల్లో ప్రోటీన్లతో ముడిపడి ఉంటుంది. క్యారెట్‌లో స్ఫటికాలుగా ఉంటుంది. వండటం వల్ల కణగోడలు మెత్తబడి ఆ ముడి సడలుతుంది. అప్పుడు దాన్ని కరిగించుకోవడానికి దగ్గరలో నూనె ఉండాలి. ఉడికించి, మెదిపి, తాలింపు పెట్టి, నెయ్యి వేసుకొని కలుపుకొనే తోటకూర పప్పులో ఈ మూడు మెట్లూ ఉన్నాయి. ఆకును పచ్చిగా నమలడం కంటే ఇది కెరోటిన్‌కు మేలైన దారి. (సి విటమిన్ విషయంలో మాత్రం ఇదే వంట నష్టం చేస్తుంది. ఒక పోషకానికి మేలైనది అన్నింటికీ మేలు కాదు.)

వేరుశనగ, నువ్వుల గింజల్లో నూనె సహజంగానే సూక్ష్మబిందువులుగా, ఫాస్ఫోలిపిడ్లు, ఓలియోసిన్ అనే ప్రోటీన్లు కలిసిన పొరతో నిలవ ఉంటుంది. గింజ మొలకెత్తేటప్పుడు వాడుకోవడానికి మొక్క దాచుకొన్న ఎమల్షన్ అది. నీళ్లు చిలకరిస్తూ రోట్లో రుబ్బిన పల్లీపచ్చడిలో ఈ బిందువులు చాలామేరకు నీటిలో చెదిరి ఉంటాయి. గానుగలో అదే గింజ పొర చితికి, నూనె విడివడుతుంది. కోనసీమ వంటల్లో కొబ్బరిపాలను చివర్లో పోసి ఎక్కువసేపు మరగనివ్వకపోవడానికీ కారణముంది. వేడికి కొబ్బరిపాలలోని ప్రోటీన్లు గడ్డకట్టి, అవి పట్టి ఉంచిన నూనె విడిపోయి పైకి తేలుతుంది.

మెక్‌క్లెమెంట్స్ ఇటువంటి ఆలోచనను ‘సహాయక ఆహారం’ అనే భావనగా మలిచారు. పోషకాన్ని మాత్రలో ఇరికించకుండా, కూరగాయలోనే ఉంచి, దానితోపాటు తినే ఎమల్షన్‌ను తగినట్లు రూపొందించడం ఇందులోని సారం. పప్పులో నేతికి ఈ పాత్ర ఎప్పటినుంచో ఉంది, పేరు మాత్రం కొత్తది.

6. పోషకం చెడకుండా నిలవడం

శోషణకు తోడ్పడే విశాలమైన ఉపరితలమే నిలవకు శత్రువు కావడం ఎమల్షన్‌లోని చిక్కు. నీటిలో స్వల్పంగా ఉండే ఇనుము, రాగి అయాన్లు బిందువు హద్దుదగ్గరే కొవ్వును ఆక్సీకరిస్తాయి. హద్దు పెరిగితే తాకిడి పెరుగుతుంది. దీనికి కొన్ని ఉపాయాలున్నాయి. బిందువు పైపొర ధనావేశం కలిగి ఉంటే, ధనావేశమే ఉన్న లోహ అయాన్లను అది వికర్షిస్తుంది. పొరను ప్రోటీనుతోనూ, ఆపై పాలీశాకరైడ్‌తోనూ రెండు మూడు అంతరాలుగా నిర్మించవచ్చు. ‘ఇ’ విటమిన్ వంటి ప్రత్యాక్సీకరణులను కలపవచ్చు. నూనెలో కరిగే ప్రత్యాక్సీకరణులు ఎమల్షన్లలో మెరుగ్గా పనిచేస్తాయని చాలా సందర్భాల్లో గమనించారు. వాటికి కాపలా కాయవలసిన చోటు హద్దు కావడమే అందుకు కారణం.

వెలుతురు మరొక శత్రువు. టోన్డ్ పాల విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఫుల్‌క్రీమ్ పాలలో కనీసం 6 శాతం కొవ్వుండాలి. టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. ధర తక్కువ కనుక ఆదాయం తక్కువగల కుటుంబాలు కొనేది ఎక్కువగా ఈ చివరి రెండింటినే. కొవ్వు తీసినప్పుడు దానితో ‘ఎ’ విటమిన్ కూడా పోతుంది. ఆ నష్టాన్ని పూడ్చడానికి భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018 నిబంధనల్లో లీటరు పాలకు 270–450 మైక్రోగ్రాముల ‘ఎ’ విటమిన్, 5–7.5 మైక్రోగ్రాముల ‘డి’ విటమిన్ చేర్చే ప్రమాణాన్ని నిర్ణయించింది. నూనెరూపంలోని విటమిన్‌ను పాలలో పోస్తే పైకి తేలుతుంది. అందువల్ల నీటిలో చెదిరే రూపంలోకి, అంటే ఎమల్షన్‌గా మార్చి కలుపుతారు.

అయితే ఇలా కలిపిన విటమిన్ వెలుతురుకు మరింత లోబడుతుంది. పాలలోని రైబోఫ్లేవిన్ కాంతిని గ్రహించి చుట్టూ ఉన్న పదార్థాల ఆక్సీకరణను ప్రేరేపిస్తుంది. పాలకొవ్వు ఎక్కువగా ఉన్నప్పుడు విటమిన్‌కు అది కొంత ఆచ్ఛాదనగా ఉంటుంది. కొవ్వు తీసిన పాలలో ఆ ఆచ్ఛాదన పలచబడుతుంది. వెన్నతీసిన పాలలో ‘ఎ’ విటమిన్ వెలుతురుకు త్వరగా నశిస్తుందని పాడి పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. పారదర్శకమైన ప్యాకెట్టు, దుకాణం ముందు ఎండలో పెట్టిన పాలట్రే ఉన్నచోట ఎంత నాణ్యమైన ఎమల్షన్ కలిపినా ప్రయోజనం తగ్గుతుంది. బలవర్ధకమైన పాలకు వెలుతురు సోకని ప్యాకింగ్‌ను కూడా తప్పనిసరి చేయవలసిన అవసరం ఈ కారణంగానే ఉంది.

7. ఎక్కువగా పట్టడమూ సమస్యే

1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనకేంద్రం 1958లో హైదరాబాదుకు తరలి, జాతీయ పోషకాహార సంస్థగా ఎదిగింది. ఆ సంస్థ పరిశోధనల ఆధారంగానే 1970లో పిల్లలకు ఆరునెలలకొకసారి 2 లక్షల అంతర్జాతీయ యూనిట్ల ‘ఎ’ విటమిన్ ఇచ్చే జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇది 60 మిల్లీగ్రాముల రెటినాల్‌కు సమానం. రేచీకటి, కార్నియా మెత్తబడి చూపుపోవడం గ్రామాల్లో సర్వసాధారణంగా ఉన్న రోజుల్లో ఈ ద్రావణం ఎందరి చూపునో నిలిపింది.

నీటిలో కరిగే విటమిన్లలో ఎక్కువైనవి మూత్రంలో పోతాయి. ‘ఎ’ విటమిన్ కాలేయంలో పోగుపడుతుంది. 2003లో నార్వే శాస్త్రవేత్తలు అంతకుముందు నమోదైన విషప్రభావపు కేసులను సమీక్షించారు. నూనెలో కరిగించిన రెటినాల్‌తో పోలిస్తే నీటిలో కలిసే, ఎమల్షన్, ఘనరూపాల్లోని రెటినాల్ సుమారు పదిరెట్లు విషపూరితమని తేల్చారు. శోషణ మెరుగుపడటమంటే అదే మోతాదుకు ప్రభావం పెరగడం. లోపమున్న బిడ్డకు అది మేలు. ఇప్పటికే తగినంత ఉన్న బిడ్డకు అదే ముప్పు కావచ్చు. కనుక నూనెరూపానికి నిర్ణయించిన సురక్షిత పరిమితిని ఎమల్షన్ రూపానికి వర్తింపజేయడం పొరపాటు.

ఎమల్సీకరణ కారకాలపైనా ప్రశ్నలున్నాయి. 2015లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, పాలిసార్బేట్-80లను తాగునీటిలో కలిపి ఎలుకలకిచ్చినప్పుడు పేగులోని సూక్ష్మజీవుల సమతుల్యం చెడి, తక్కువస్థాయి వాపు, బరువు పెరగడం కనిపించాయి. ఎలుకల ఫలితాన్ని మనుషులకు నేరుగా అన్వయించకూడదు. అయినా పాలప్రోటీన్లు, లెసిథిన్, సహజమైన జిగుర్ల వైపు పరిశోధన మొగ్గడానికి ఇటువంటి ఫలితాలు కొంత కారణమయ్యాయి.

నేడు ఒకే బిడ్డకు ఆరునెలలకొకసారి విటమిన్ ద్రావణం, బడి భోజనంలో బలవర్ధకమైన నూనె, ఇంట్లో బలవర్ధకమైన పాలు అందే అవకాశముంది. పొరుగునున్న మరొక బిడ్డకు ఈ మూడింటిలో ఒక్కటీ అందకపోవచ్చు. సర్వే ఇచ్చే సగటు సంఖ్యలో ఈ ఇద్దరూ ఒక్కటై కనిపిస్తారు. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2021లో ప్రచురితమైన ఒక విశ్లేషణ, పిల్లలందరికీ ఒకే పెద్ద మోతాదు ఇచ్చే పద్ధతినుంచి లోపం ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు పరిమితమైన పద్ధతికి మారాలని సూచించడంలోని కారణమిదే. 2018 నిబంధనల్లో లీటరు పాలకు 270 మైక్రోగ్రాముల కింది హద్దుతోపాటు 450 మైక్రోగ్రాముల పైహద్దునూ పేర్కొన్న సంగతిని ఈ నేపథ్యంలోనే చదవాలి.